కుందేటి కొమ్ము లేదని ఎవరన్నారు?

ఒక వస్తువు ఈ లోకంలో లేనే లేదని చెప్పడానికి తెలుగులో కొన్ని రెడీమేడ్ మాటలున్నాయి. ఆకాశపుష్పం, ఎండమావిలో నీళ్ళు, కుందేటి కొమ్ము. భర్తృహరి సుభాషితాలను తెలుగు పద్యాల్లో బట్టీ పట్టిన వాళ్ళకు ఈ చివరిది బాగా గుర్తుంటుంది. అసాధ్యానికి అదొక కొలబద్ద.

తనకల్లు చుట్టుపక్కల గుట్టల మీద కుందేటి కొమ్ము మొలుస్తుంది. నిజంగానే. ఆకులుండవు. చిటికెన వేలంత లావున, నాలుగు పలకల కాడలు, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చలో కంపచెట్టు మొదట్లో నీడ చూసుకుని నిక్కబొడుచుకుని ఉంటాయి. కొసకు పోయేకొద్దీ సన్నబడతాయి. ఆ కొసల్లో ముదురు రంగు చిన్న పూలు. వాటి వాసన మనకు నచ్చదు, ఈగలకు నచ్చుతుంది. ఆ పూలకు కావాల్సిందీ ఈగలే.

చిన్నప్పుడు మా అవ్వ ఒక కాడ విరిచి, అంచులు గోటితో గీకి, నా చేతిలో పెట్టింది.

"ఏంది అవ్వా ఇది?"

"కుందేటి కొమ్ము రా నాయనా. నములు. రోంత చేదుంటాది గానీ ఆకలి కాదు."

ఆ మాటలో రెండు సంగతులున్నాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఒకటి, భాష 'లేదు' అని తేల్చేసిన వస్తువు మా గుట్ట మీద ఉంది. రెండు, అది ఉందని తెలిసినవాళ్ళకు దాన్ని నిఘంటువులోనో జాబితాలోనో ఎక్కించే అధికారం లేదు. ఈ వ్యాసం ఈ రెంటి మధ్య గొడవ గురించి. అరుదైన మొక్కల్ని, ఇక్కడ తప్ప మరెక్కడా పెరగని మొక్కల్ని ఎవరు లెక్కపెడుతున్నారు, ఎలా లెక్కపెడుతున్నారు, లెక్కపెట్టకపోవడంలో సాహిత్యం చదివే, రాసే మనవాళ్ళ వాటా ఎంత అనేదాని గురించి.

*

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, పొట్టిగా ఐయూసీఎన్, 1964 నుంచీ రెడ్ లిస్ట్ అనే జాబితా నడుపుతోంది. ఒక జాతి పరిస్థితిని మదింపు చేసి ఏదో ఒక గడిలో పెడతారు. పూర్తిగా అంతరించింది, పెంపకంలో తప్ప బయట లేదు, తీవ్రమైన ప్రమాదంలో ఉంది, ప్రమాదంలో ఉంది, ముప్పు పొంచి ఉంది, ముప్పుకు దగ్గర్లో ఉంది, పెద్దగా ఆందోళన అక్కర్లేదు. ఇవి ఏడు. ఇంకో రెండు గళ్ళున్నాయి. 'డేటా డెఫిషియంట్', అంటే చూశాం గానీ చెప్పడానికి సరిపడా సమాచారం లేదు. 'నాట్ ఇవాల్యుయేటెడ్', అంటే అసలు ఎవరూ చూడలేదు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసి బతుకుతాను. మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి వారంలోనే చెప్పే పాఠం ఒకటుంది: నల్ వేరు, జీరో వేరు. జీరో అంటే కొలిచాం, సున్నా వచ్చింది. నల్ అంటే ఎవరూ కొలవలేదు. ఈ రెండూ ఒకటే అనుకుని రాసిన ప్రోగ్రాం జీతాల్ని తప్పు లెక్కవేస్తుంది, మందుల మోతాదును తప్పు చూపిస్తుంది. ఇంకోటి కూడా చెబుతాం. మానిటరింగ్ పెట్టని సర్వరు ఎప్పుడూ ఎర్రలైటు వెలిగించదు. డాష్‌బోర్డు పచ్చగా ఉంది కదా అని ఇంటికెళ్ళి పడుకుంటే తెల్లవారుజామున ఫోను మోగుతుంది.

అనంతపురం పీఠభూమి మీది పొదల విషయంలో మనమంతా ఇదే తప్పు చేస్తున్నాం. 'ఎవరూ చూడలేదు' అన్నదాన్ని 'ఫర్వాలేదు' అని చదువుకుంటున్నాం. ప్రపంచంలోని పదకొండు వేల పైచిలుకు పక్షిజాతుల్లో ప్రతిదానికీ రెడ్ లిస్టులో ఒక గడి ఉంది. మొక్కలకు ఆ అదృష్టం లేదు. వాటిలో ఎక్కువ భాగం ఇంకా వరసలోనే నిలబడున్నాయి. మొక్క కూయదు, ఎగరదు, కెమెరా వైపు తిరిగి చూడదు. ఎదురుగా ఉన్నా మొక్కను చూడకుండా దాటిపోయే మనిషి అలవాటుకు 1990ల చివర్లో ఇద్దరు అమెరికన్ అధ్యాపకులు 'ప్లాంట్ బ్లైండ్‌నెస్' అని పేరు పెట్టారు. వాళ్ళకు తెలీదు గానీ, మన నిఘంటుకారులు ఆ గుడ్డితనానికి అంతకు చాలా ముందే ఒక ముద్ర తయారుచేసి పెట్టారు.

*

ఆ ముద్ర పేరు 'వృక్షవిశేషము'.

మన పెద్ద నిఘంటువుల్లో ఏదైనా తెరవండి. మొక్క పేరు వెతకండి. పక్కన 'వృక్షవిశేషము' అనో 'ఓషధివిశేషము' అనో ఉంటుంది. అంటే ఒకానొక చెట్టు, ఒకానొక మొక్క. అంతే. ఏ చెట్టు? ఎక్కడుంటుంది? ఆకు ఎలా ఉంటుంది? తెలీదు. 'విశేషము' అన్న మాటను ఏ విశేషమూ చెప్పకుండా తప్పించుకోడానికి వాడిన భాష మనది. రాజుగారి ఆభరణాలకు, స్త్రీ కళ్ళకు పర్యాయపదాల వరసలు ఇచ్చిన పండితులు గుట్ట మీది మొక్క దగ్గరకొచ్చేసరికి 'డేటా డెఫిషియంట్' అని రాసి పక్క పేజీకి వెళ్ళిపోయారు. విచిత్రమేంటంటే అదే పంతొమ్మిదో శతాబ్దంలో కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో చాలా మొక్కల పేర్ల పక్కన లాటిన్ పేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్ళ గొప్పతనం చాటడానికి ఈ మాట అనడం లేదు. మొక్కల వెంట పన్నుల లెక్కా కలప లెక్కా ఉన్నాయి వాళ్ళకు. మనకు ఆ అవసరమూ లేకపోయింది, ఆసక్తీ లేకపోయింది అని చెబుతున్నాను.

పండితుల్ని వదిలేద్దాం. మామూలు మాటల్లో మనకున్న గడి ఇంకా మొరటుది: పిచ్చిమొక్క. పేరు తెలియని ప్రతిదీ పిచ్చిదే.

ఒక ఉదాహరణ. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది ఫ్రిజ్‌లో చియా గింజలు ఉంటాయి. చియా ఒక సేజ్ మొక్క, సాల్వియా ప్రజాతిది. ప్రపంచంలో ఆ ప్రజాతిలో దాదాపు వెయ్యి జాతులున్నాయి. మెక్సికో నుంచి టర్కీ దాకా అడవి సేజ్ మొక్కల్లో ఏవి బతుకుతున్నాయి, ఏవి పోతున్నాయి అని మదింపు చేసేవాళ్ళున్నారు. ఆ కుటుంబం మనకు పరాయిది కాదు. తులసి ఆ కుటుంబమే. వినాయకచవితికి కోసుకొచ్చే తుమ్మి ఆ కుటుంబమే. గట్ల మీద పెరిగే మొగబీర ఆ కుటుంబమే. ఇన్ని దాయాదుల మధ్య పెరిగిన మనకు సూపర్‌మార్కెట్లో ఉన్న దూరపు చుట్టం పేరు తెలుసు, గట్టు మీదున్న సొంత చుట్టం పేరు తెలీదు. ఇంకో తమాషా. ఇంగ్లీషులో 'వైల్డ్ సేజ్' అని వెతికితే చాలాచోట్ల వచ్చేది లాంటానా. అది సేజ్ కాదు, ఆ కుటుంబమూ కాదు. అమెరికా ఖండాల నుంచి తోటల కోసం వచ్చి మన అడవుల్ని ఆక్రమించిన కంప. పేరు తప్పయితే లెక్క కూడా తప్పే. ఆక్రమించినదాన్ని కాపాడి, ఆక్రమణకు గురైనదాన్ని పీకేసే ప్రమాదం ఉంది.

*

మళ్ళీ కుందేటి కొమ్ము దగ్గరకు వద్దాం. దాని శాస్త్రీయ నామం కారల్లుమా అడ్‌సెండెన్స్. చాలా పుస్తకాల్లో 'కారల్లుమా' అరబ్బీ నుంచి వచ్చిందని, మాంసంలో గాయం అనే అర్థముందని రాశారు. పూల వాసనతో అతికినట్టు సరిపోయిందేమో, ఆ కథ బాగా తిరిగింది. కానీ సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పెద్ద పుస్తకంలో ఈ మొక్కను వర్ణిస్తూ తెలుగువాళ్ళు దీన్ని 'కారల్లం' అంటారని రాసుకున్నాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పేరుతోనే ప్రజాతిని స్థాపించాడు. సోమిద చెట్టు ప్రజాతి పేరు 'సోయ్‌మిడా' కూడా మన మాటే. తంబజాలారికి రాక్స్‌బర్గ్ పెట్టిన జాతి పేరు 'తంబుగ్గాయా' కూడా మన మాటే.

అంటే ఆఫ్రికా ఎడారి అంచుల్లో పెరిగే దగ్గరి బంధువులకు కూడా కొన్నాళ్ళు ఇంటిపేరుగా నిలిచిన ఒక తెలుగు మాట ఉంది, ఆ మాట మనకు తెలీదు. రాక్స్‌బర్గ్‌కు ఆ పేర్లు చెప్పిన తెలుగువాళ్ళెవరు? బొమ్మలు గీసిన మన చిత్రకారులెవరు? పుస్తకం మీద వాళ్ళ పేర్లు లేవు. వలస పాలన చేసిన అన్యాయం అది, ఒప్పుకుంటాను. కానీ ఆ పుస్తకం వచ్చి రెండు శతాబ్దాలు దాటింది. ఈ రెండు శతాబ్దాల్లో మనం ఏం చేశామన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు రాక్స్‌బర్గ్ ఇవ్వలేడు.

*

మదింపు ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. లేకపోతే ఇదంతా ఉత్త సెంటిమెంటు అనిపిస్తుంది.

రెడ్ లిస్ట్ నియమాల్లో ఐదు ప్రమాణాలున్నాయి. మొక్కల విషయంలో ఎక్కువగా వాడేది విస్తీర్ణం. మొక్క దొరికిన చోట్లన్నీ మ్యాపు మీద చుక్కలుగా పెడతారు. బయటి చుక్కల్ని కలుపుతూ గీత గీస్తే వచ్చే వైశాల్యం ఒకటి. అది 100 చదరపు కిలోమీటర్ల లోపుంటే తీవ్రమైన ప్రమాదం, 5,000 లోపు ప్రమాదం, 20,000 లోపు ముప్పు. ఇంకోటి, మ్యాపును రెండు కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి చుక్క పడిన గళ్ళను లెక్కపెట్టడం. అక్కడ హద్దులు 10, 500, 2,000 చదరపు కిలోమీటర్లు. వైశాల్యం ఒక్కటే చాలదు, క్షీణిస్తోందనో ముక్కలైపోయిందనో ఇంకొన్ని షరతులు కూడా నెరవేరాలి. క్యూ గార్డెన్స్ వాళ్ళు ఇంకొందరితో కలిసి చేసిన జియోక్యాట్ అనే ఉచిత సాధనం ఉంది. స్ప్రెడ్‌షీట్ ఎక్కిస్తే క్షణాల్లో ఈ వైశాల్యాలు చూపిస్తుంది. ఇంజనీరుగా నాకది ముచ్చటేసింది. వెంటనే భయమూ వేసింది.

ఎందుకంటే ఒక గడి నాలుగు చదరపు కిలోమీటర్లు. రెండే రెండు చుక్కలున్న మొక్కకు లెక్క ఎనిమిది. తీవ్రమైన ప్రమాదపు హద్దులోకి వచ్చేసింది. రేపు ఎవరో ఒకరు ఓపికగా నాలుగు గుట్టలు తిరిగి ఇంకో ముప్ఫై చుక్కలు పెడితే ఆ హద్దు దాటిపోతుంది. మొక్కలు పెరగలేదు, తిరిగిన కాళ్ళు పెరిగాయి. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. డెబ్భై ఏళ్ళ కిందటి హెర్బేరియం చీటీ మీద 'కదిరి దగ్గర' అని ఉంటే, ఆ చుక్క ఇవాళ్టికీ బతికున్నట్టే లెక్కలోకి రావచ్చు. అక్కడ ఇప్పుడు లేఅవుటు ఉన్నా సరే. హెర్బేరియం చుక్కలు ఎక్కువగా రోడ్ల పక్కన, యూనివర్సిటీలకు దగ్గర్లో పడతాయి. దాన్ని మొక్కల మ్యాపు అనుకుంటాం. చాలావరకు అది జీపు వెళ్ళిన దారి.

కరువుసీమలో ఇంకో చిక్కు. సెరోపీజియా, బ్రాకీస్టెల్మా లాంటి గుంపుల్లో, ఒకటి రెండు చోట్ల తప్ప దొరకని జాతులు చాలా ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ కాలం భూమిలో చిన్న గడ్డగా దాక్కుని, వాన పడ్డాక కొన్ని వారాలు మాత్రమే తీగో పువ్వో పైకి పంపుతాయి. ఎండాకాలంలో సర్వేకి వస్తే కనిపించేది సున్నా. ఆ సున్నా జీరో కాదు, నల్. వానే సరిగ్గా పడని జిల్లాలో సర్వేకి ముహూర్తం ఎవరు పెట్టాలి? మేకలు కాసేవాళ్ళకు ఆ ముహూర్తం తెలుసు. వాళ్ళను అడిగే గడి ఫారంలో ఉండదు.

ఇదంతా చెప్పి శాస్త్రవేత్తల్ని ఎగతాళి చేస్తే నేను మూర్ఖుణ్ణే. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య టి.పుల్లయ్య, ఎన్.యశోదతో కలిసి 1989లో అనంతపురం జిల్లా వృక్షసంపద మీద పుస్తకం తెచ్చారు. అంతకు ముందు, ఆ తర్వాత రాష్ట్రం మొత్తం మీద వాళ్ళ బృందాలు నడిచిన దూరం ఇంకే తెలుగు మేధావి వర్గమూ నడవలేదని నా అనుమానం. భారత వృక్షశాస్త్ర సర్వే 1987 నుంచి 1990 మధ్య మూడు సంపుటాల రెడ్ డేటా బుక్ తెచ్చింది. నా ఫిర్యాదు ఈ పని చేసినవాళ్ళ మీద కాదు. ఇంత పని జరిగినా అందులో ఒక్క మొక్క కూడా మన కథల్లోకి, మన సమీక్షల్లోకి, మన గొడవల్లోకి రాలేదు. నా ఫిర్యాదు అది.

*

లెక్క ఎంత సున్నితమైనదో ఎర్రచందనం చెబుతుంది. 1998లో దాన్ని 'ప్రమాదంలో ఉంది' గడిలో పెట్టారు. 2018లో 'ముప్పుకు దగ్గర్లో' అని ఒకటి కాదు, రెండు మెట్లు దించారు. 2021లో మళ్ళీ 'ప్రమాదంలో' గడికి ఎక్కించారు. మూడు తరాల కాలంలో 50 నుంచి 80 శాతం తగ్గిందని కొత్త మదింపు చెప్పింది. ఈ మూడేళ్ళలో శేషాచలంలో చెట్లు అంతగా పెరిగి అంతగా తరిగాయా? లేదు. చూసిన కళ్ళు మారాయి, ముందున్న కాగితాలు మారాయి.

అయినా ఎర్రచందనం అదృష్టవంతురాలే. దానికి వాదించేవాళ్ళున్నారు, కాపలా ఉంది, టాస్క్‌ఫోర్సు ఉంది, కిలోకి ధర ఉంది. ఆ ధర కోసం 2015 ఏప్రిల్‌లో ఒకే రోజు ఇరవై మంది కూలీలు పోలీసు తూటాలకు చచ్చిపోయారు. తిరుమల కొండల మీది సైకాస్ బెడ్డోమైకి దేవుడి కొండ నీడ ఉంది, అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉంది. అంటే మన దగ్గర మొక్క లెక్కలోకి రావాలంటే రెండే దారులు: కలపకు ధరైనా ఉండాలి, కొండ మీద దేవుడైనా ఉండాలి. తనకల్లు గుట్టలకు రెండూ లేవు.

వాటికి ఉన్నది వేరే పేరు: బంజరు. రెవెన్యూ వాళ్ళకు బంజరు, ఉపగ్రహానికి వేస్ట్‌లాండ్. దేశంలోని వేస్ట్‌లాండ్లకు అట్లాసే ఉంది. ఆ లెక్కలో పొదలున్న నేల ఒక రకం వృథా భూమి, రాతిగుట్ట ఇంకో రకం. కుందేటి కొమ్ముకు ఇల్లే అది. ఇంటి పేరే 'వృథా' అని రాశాక లోపల ఎవరున్నారని ఎవరడుగుతారు?

కదిరి ప్రాంతంలోనే నంబులపూలకుంట ఉంది. ఆ మండలంలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఒక్క చెట్టు నీడ ఐదెకరాల దాకా ఉందని కొలిచారు, ఫొటోలు తీశారు, బోర్డు పెట్టారు. అదే మండలంలో వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2016లో ఎన్టీపీసీ మొదటి 250 మెగావాట్లు ఉత్పత్తిలోకి వచ్చాయి. సోలార్ పార్కుకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. అంటే పలకలు పరిచే ముందు అక్కడ ఏ మొక్కలున్నాయని లెక్కపెట్టాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఆ ప్రకటన కింద ఎవరికీ లేదు. ఒక చెట్టుకు రికార్డు, మిగతా నేలంతటికీ నల్.

ఇక్కడ ఎవరో ఒకరు లేస్తారు. "మీరు బెంగళూరులో ఏసీలో కూర్చుని మాట్లాడతారు. బోరు ఎండి, శెనక్కాయ పంట పోయి, పిల్లలు వలస పోయే ఊళ్ళో కరెంటు ప్లాంటు వస్తే నాలుగు పిచ్చిమొక్కల కోసం అడ్డం పడతారా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు: అడ్డం పడను. సోలార్ కావాలి. బొగ్గు కన్నా వెయ్యి రెట్లు మేలు. నేను అడిగేది ఒక వానాకాలం. పలకలు పరిచే ముందు ఒక్క వానాకాలం నేలను చూసి, ఏముందో రాసి, అరుదైనదేదైనా ఉంటే ఆ పది గుంటలు వదిలేయమని. వేల ఎకరాల్లో పది గుంటలు వదిలితే మెగావాట్లు ఆగవు. ఇంకో మాట. ఆ 'వృథా' నేల మీద మేకలు మేపుకునేవాళ్ళకు అది వృథా ఎప్పుడూ కాదు. కరువులో పంట పోయినా గుట్ట మీద ఏదో ఒకటి మిగిలేది. మా అవ్వకు ఆ మొక్క ఆకలి తీర్చేది కాదు, ఆకలి చంపేది. పేదవాళ్ళ పేరు చెప్పి పేదవాళ్ళ ఆఖరి గడ్డిపోచను వృథా అనడం నాకు మింగుడుపడదు.

*

ఆకలి చంపే గుణం గురించి ఇంకో మాట. ఇదే మొక్క ఒక రకాన్ని కారల్లుమా ఫింబ్రియాటా పేరుతో బరువు తగ్గించే మాత్రలుగా అమ్ముతున్నారు. ఆకలి, నడుము చుట్టుకొలత మీద దాని ప్రభావాన్ని చూస్తూ బెంగళూరులో యాభై మంది మీద చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. అమెరికాలో ఆన్‌లైన్‌లో సీసాలు దొరుకుతాయి. కరువులో తినడానికి లేక నమిలిన కాడను ఇప్పుడు తిండి ఎక్కువైనవాళ్ళు డాలర్లు పెట్టి మింగుతున్నారు. కరువు మీద ఇంతకన్నా వ్యంగ్యమైన కథ ఏ కథకుడూ రాయలేదు, మార్కెట్ రాసేసింది.

ఈ కారల్లుమా అరుదైనదని నేను అనడం లేదు. దక్షిణాదిలో పొడినేలల మీద చాలాచోట్ల ఉంది. సరిగ్గా అదే నా బాధ. విస్తారంగా ఉన్నదని పేరున్న మొక్క ఫలానా గుట్ట మీద ఉందా, పోయిందా అని ఎవరూ చూడరు. ప్రపంచ స్థాయి మదింపుకు తనకల్లు కనపడదు. సగటు బాగుందని ఊరుకుంటే స్థానికంగా ఒక్కో గుట్టా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ సగటులో తేలేసరికి ఆలస్యమైపోతుంది.

దీనికి మందు చట్టంలో ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి. ఊరివాళ్ళను అడిగి జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అద్భుతమైన ఆలోచన. మా అవ్వ మాట ప్రభుత్వ కాగితం మీద పడే దారి అది. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ కలగజేసుకుని 2020 జనవరి 31 గడువు పెట్టింది, దాటితే నెలకు లక్షల్లో జరిమానా అంది. దేశంలో రెండున్నర లక్షలకు పైగా స్థానిక సంస్థలు. గడువు తరుముకొచ్చినప్పుడు ఫారాలు ఎలా నిండుతాయో ఏ ఆఫీసులో పనిచేసేవాళ్ళకైనా చెప్పక్కర్లేదు. స్ప్రింట్ చివరి రోజు సాయంత్రం టికెట్లన్నీ ఎలా 'డన్' అవుతాయో మాకూ తెలుసు. నిండిన ఫారం నల్ కన్నా ప్రమాదం. నల్ కనీసం తెలియదని ఒప్పుకుంటుంది.

*

ఇప్పుడు సాహిత్యం సంగతి. ఇంతసేపూ దీనికోసమే ఆగాను.

అనంతపురం గురించి రాసే ప్రతి వ్యాసంలో ఒక వాక్యం ఉంటుంది: జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి ఇవాళ్టి కథల దాకా కరువు మన ప్రధాన వస్తువు. ఆ సాహిత్యం లేకపోతే సీమ గోడు ఎవరికీ వినిపించేది కాదు. దాని ముందు చేతులు జోడిస్తాను. కానీ ఆ తర్వాత వచ్చిన మా తరం దాన్ని అలవాటుగా మార్చేసింది. సీమ అంటే నెర్రెలిచ్చిన నేల, ఎండిన బావి, కంపచెట్లు, ఎడారి. బొమ్మ ఒక్కటే, రంగు ఒక్కటే. కథలో మనిషికి పేరుంటుంది, ఎద్దుకు పేరుంటుంది, శెనక్కాయలకు కూడా కదిరి-6 అని రకం పేరుంటుంది. గుట్ట మీద మొలిచినదానికి మాత్రం 'ఏవో పిచ్చిమొక్కలు'. ఈ నేల కరువుదే గానీ గొడ్డుది కాదు. 550 మిల్లీమీటర్ల వానతో బతకడం నేర్చిన మొక్కలున్న నేల ఇది. ఆకుల్ని వదులుకుని, కాడలో నీళ్ళు దాచుకుని, కంప నీడలో దాక్కుని బతికే విద్య వాటిది. నేల ఎండిపోయిందని రాయడానికి కన్నీళ్ళు చాలు. నేల ఎలా బతికుందో రాయాలంటే పేర్లు కావాలి.

మనం ఎడారి అని రాసిన ప్రతిసారీ వేస్ట్‌లాండ్ అట్లాసుకు ఒక సాక్షి సంతకం పెడుతున్నాం. ఇది ఘాటుగా అనిపిస్తే అనిపించనివ్వండి. కవిత్వంలో 'ఏమీ లేదు' అన్న మాటకూ ప్రాజెక్టు రిపోర్టులో 'ఏమీ లేదు' అన్న మాటకూ ఉద్దేశంలో తేడా ఉండొచ్చు, ఫలితంలో లేదు.

అటువైపు నగరం నుంచి రాసే ప్రకృతి కవులం ఉన్నాం. మాకు చెట్టు ఎప్పుడూ 'చెట్టు', పువ్వు ఎప్పుడూ 'పువ్వు', పిట్ట ఎప్పుడూ 'పిట్ట'. వృక్షవిశేషము సంప్రదాయానికి అసలైన వారసులం మేమే.

*

పేర్లు తెలిస్తే ఏమవుతుంది? రెండు కథలు.

కలివికోడి. 1900 తర్వాత కనబడలేదని శాస్త్రం దాని మీద ఆశ వదులుకుంది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో దొరికింది. దొరకబుచ్చుకున్నది ఊరివాళ్ళ సాయంతో. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి. పక్షి పేరులోనే మొక్క ఉంది, చిరునామా ఉంది. ఆ పేరు తెలిసినవాళ్ళ దగ్గరకు వెళ్ళడానికి శాస్త్రానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

రెండోది అడవి సేజ్‌ది. కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవిలో తప్ప ఎక్కడా పెరగని సేజ్ మొక్క ఒకటుంది. 1967 తర్వాత ఎవరికీ కనబడక, పోయిందనుకున్నారు. అక్కడి పర్యావరణ శాఖ 'కావలెను' అని దొంగల ఫొటోలు వేసినట్టు మొక్క బొమ్మతో పోస్టర్లు వేసి బహుమతి ప్రకటించింది. 2007లో మొక్క దొరికింది. విత్తనాలు దాచారు, పెంచుతున్నారు. ఖరీదైన సాధనమేమీ లేదు. ఒక బొమ్మ, ఒక పేరు, జనాన్ని అడగాలన్న బుద్ధి.

ఈ రెండో పని మనం చేయగలిగిందే. బొమ్మ వేయగలిగినవాళ్ళు, పేరు రాయగలిగినవాళ్ళు, మాట అడగగలిగినవాళ్ళు ఈ పత్రిక చుట్టూనే ఉన్నారు. ఊరికి వెళ్ళినప్పుడు గుట్ట ఎక్కండి. ఫొటో తీయండి, తేదీ రాయండి, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనేచురలిస్ట్‌లోనో పెట్టండి.

ఒక హెచ్చరిక. ముప్పులో ఉన్నట్టు నమోదైన జాతులకు ఐనేచురలిస్ట్ కచ్చితమైన చోటును తనంతట తానే దాస్తుంది. మదింపు జరగని మొక్కకు ఆ రక్షణ దానంతటదే రాదు. అంటే అసలు ఎవరూ చూడనిదే అందరికంటే బట్టబయలుగా ఉంటుంది. సక్యులెంట్లను కుండీల్లో పెట్టుకునే పిచ్చి ముదిరిన కాలం ఇది, మాత్రల వ్యాపారం సరేసరి. అందుకని లొకేషన్‌ను మీరే దాచండి. మొక్కను పీకి బాల్కనీకి తెచ్చుకోకండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకా చిన్నది. ఈసారి కథలోనో కవితలోనో 'పిచ్చిమొక్కలు' అని రాయబోయే ముందు ఆగండి. అక్కడ మేకలు కాస్తున్న మనిషి ఉంటారు. 'అన్నా, దీన్నేమంటారు?' 'అవ్వా, ఇది ఎప్పుడు పూస్తాది?' అని అడగండి. చెప్పిన పేరు రాసుకోండి. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా పక్కనే రాయండి. రాక్స్‌బర్గ్ ఆ రెండో పని చేయలేదు.